ఏటి పాఠం

దేవపాలు సారు పాఠం చెబుతుంటే తరగతిలో ఒక్క పిల్లా కళ్లు తెరిచి ఉండేది కాదు. నిద్రపోయేవాళ్లని అనడం లేదు. ఆయనే మూయించేవాడు. "కండ్లు మూసుకోండి, పోదాం" అనేవాడు. అంతే, బాసింపట్లు వేసుకుని కూర్చున్న మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలందరూ రెప్పలు దించేవాళ్లు. అదే హాలు రెండో కొసన ఒకటి, రెండు తరగతులకు గుణింతాలు చెప్పేది నేను. నేను బెత్తంతో బల్ల మీద ఎంత కొట్టినా, నా పిల్లలు కూడా దొంగచాటుగా కళ్లు మూసుకుని ఆయన వెంట వెళ్లిపోయేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది.

"ఇప్పుడు మనం జమ్మలమడుగు కాడ పెన్నలో ఉండాం. ఇసుక కాల్తాంది. చెప్పుల్లేనోళ్లు ఎగురుకుంటా రాండి" అనేవాడు. పిల్లలు కూర్చున్న చోటే కాలివేళ్లు ముడుచుకునేవాళ్లు. నీళ్లకు ఎదురుగా గండికోట దాకా తీసుకుపోయి, కొండ రెండుగా విడిపోయి నదికి దారి ఇచ్చిన చోట నిలబెట్టి కిందికి తొంగి చూడమనేవాడు. మళ్లీ నీళ్లతోపాటు వెనక్కి తిప్పి, ప్రొద్దుటూరు పక్కగా, చెన్నూరు వంతెన కిందుగా, కొండలు దాటించి, నెల్లూరు వరిమళ్ల మధ్య నడిపించేవాడు. చివరికి సముద్రం రావాలి కదా. అక్కడ మాత్రం ఆగిపోయేవాడు. "నేను సముద్రం చూడలేదు. మీకు ఎట్ల కనపడ్తే అట్ల చూసుకోండి" అనేవాడు. ఒకడికి సముద్రం పగిలిన పత్తిచేనులా కనబడేది. ఒకతెకు దాన్నిండా బర్రెలు మునిగి ఉండేవి. ఎవరి సముద్రాన్నీ ఆయన తప్పు అనలేదు.

ఆయన జమ్మలమడుగు మిషన్ కాంపౌండు పక్కన పుట్టాడు. తాతల నాడే బాప్తిస్మం తీసుకున్న కుటుంబం. తండ్రి బడిపంతులు, మేనత్త నర్సు. అత్తగారిది పులివెందుల, శిక్షణ తరగతులు ప్రొద్దుటూరులో. ఆయన బతుకంతా ఈ మూడు ఊళ్ల మధ్య బస్సు కిటికీ పక్కనే గడిచిపోయింది. "మా ఆయనకు ఇంట్లో ఉప్పు డబ్బా యాడుందో తెల్దు గానీ, టిబెట్టు యాడుందో కండ్లు మూసుకోని చెప్తాడు" అని ఆయన భార్య అరుణకుమారి నాతో ఎన్నిసార్లు నవ్విందో. ఇప్పుడు ఆయన లేడు. ఆయన గురించి అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టి, పక్కనే ఉండి చూసిన దాన్ని కాబట్టి నేనే చెబుతున్నాను. నా పేరు రాజ్యలక్ష్మి. ఆ బడిలో మేమిద్దరమే ఉపాధ్యాయులం.

ఊరు తెల్లగుండ్లపల్లె. ముద్దనూరు దాటి పులివెందుల వైపు వెళ్తే, రోడ్డు దిగి చేలగట్ల మీద నడవాలి. ఆ ఊళ్లో రెండే వీధులు. పైవీధి వాళ్లు ఏ జెండా పట్టుకుంటే కిందివీధి వాళ్లు రెండో జెండా పట్టుకునేవాళ్లు. కొత్త పార్టీ వచ్చాక ఇద్దరూ జెండాలు మార్చుకున్నారే తప్ప, ఒక జెండా కిందికి మాత్రం రాలేదు. ఎన్నికలు వస్తే టార్పాలిన్ కప్పిన జీపులు తిరిగేవి. బాంబులు పేలేవి. చంపుకోవడం కూడా జరిగింది. పైవీధి మనిషి కిందివీధిలో అడుగు పెట్టడు. కిందివీధి పిల్ల పైవీధి ఎలా ఉంటుందో ఎరగదు. బడి రెండు వీధులకూ నడుమ ఉంది కనుక దానికి రెండు వాకిళ్లు పెట్టారు. పిల్లలు ఎవరి వాకిట్లోంచి వాళ్లు వచ్చి, ఎవరి గోడ పక్కన వాళ్లు కూర్చునేవాళ్లు.

మాకూ ఒక కట్టుబాటు ఉండేది. ఎవరింట్లోనూ మజ్జిగ తాగకూడదు. ఒక ఇంట్లో మజ్జిగ తాగితే ఆ ఇంటి మనుషుల కిందే లెక్క. అందుకని ఎర్రటి ఎండలో కూడా మేం సీసాల్లో మోసుకొచ్చుకున్న వేడినీళ్లే గుటకలు వేసేవాళ్లం. ఆయనకు ఆ నీళ్లలోనూ ఏవేవో నదులు కనిపించేవేమో, తాగుతూ తాగుతూ ఎక్కడికో చూస్తుండిపోయేవాడు.

మూడో తరగతి పుస్తకంలో 'మన ఊరు' అని ఒక పాఠం ఉండేది. ఊరి పటం గీయించాలి. నేనైతే నల్లబల్ల మీద రెండు గీతలు గీసి, ఇది బడి, ఇది చావడి అని ముగించేదాన్ని. ఈయన ముగ్గుపిండి తెప్పించాడు. పిల్లల్ని కళ్లు మూసుకుని తమ ఇంటి నుంచి బడి దాకా నడవమన్నాడు, మనసులోనే. ఏమేం కనిపించాయో చెబుతుంటే, ఆడపిల్లల చేత హాలు నడుమ బండల మీద ముగ్గుతో వేయించాడు. పైవీధి పిల్లలు పైసగం వేశారు. కిందివీధి పిల్లలు కిందిసగం వేశారు. మధ్యలో ఇంత వెడల్పున బండ ఖాళీగా మిగిలిపోయింది. అక్కడ ఏముందో ఎవరికీ తెలియదు.

"నాకు తెల్సు సారూ" అంది సైదున్నీసా. గాజుల మహబూబ్ బాషా కూతురు. వాళ్లు ఏ పార్టీకీ చెందరు. గాజులకు పార్టీ ఏముంటుంది. తల్లి గాజుల మలారం ఎత్తుకుని ఇళ్ల దొడ్డి వాకిళ్ల వైపు వెళ్లేటప్పుడు ఈ పిల్ల వెనకాలే పోయేది. ఆ పిల్ల కళ్లు మూసుకుని, చెయ్యి గాల్లో ఊపుతూ చెప్పింది. "పైవీధి ఇండ్ల ఎనక ఒక సందు ఉంది సారూ. దాంట్లో ఇసుక మెత్తగ ఉంటాది. ఈ పక్కంతా పైవీధోళ్ల దొడ్డి వాకిండ్లు. ఆ పక్కంతా కిందివీధోళ్ల దొడ్డి వాకిండ్లు. ఎదురుబొదురు."

రెండు సగాలూ కలిసిపోయాయి. ఊరు మొత్తం మా కాళ్ల దగ్గర తెల్లగా పరుచుకుంది. నిజం చెప్పాలంటే, అప్పుడు నేను కూడా బెత్తం పక్కన పెట్టి వచ్చి చూశాను. ఆ మధ్యాహ్నం ఆయన పైవీధి పిల్లల్ని కళ్లు మూయించి, కిందివీధి పిల్లల చేత వాళ్ల వీధి చూపించమన్నాడు. "ఇది మా చింతమాను. రాళ్లేయద్దండి, కొండముచ్చులుండాయి" అని ఒకడు హెచ్చరించాడు. పైవీధి పిల్లలు భయంతో తలలు వంచుకున్నారు. బయట గాలి ఆడటం లేదు. ఎండకు దూరపు చేలు నీళ్లలా కదులుతున్నాయి. ఆ హాల్లో పిల్లలు రెప్పల వెనక ఒకరి వీధిలో ఒకరు తిరుగుతున్నారు. ఎవరి పేరూ, ఎవరి జెండా ఎవరూ అడగడం లేదు. నాకు ఎందుకో ఏడుపొచ్చింది.

పిల్లలు ఇళ్లకు పోయి ఊరుకుంటారా? తమ ఇంటి ముందు ముగ్గుతో ఊరంతా వేసి చూపించారు. ఫలానా వాళ్లకు దొడ్డి వాకిలి ఉందని, అది ఇటు తెరుచుకుంటుందని వల్లించారు. అది మామూలు ఊరైతే మా బిడ్డకు చదువొచ్చిందని మురిసిపోయేవాళ్లు. ఆ ఊళ్లో మగవాళ్ల కంట్లో పడింది ముగ్గు కాదు. ఏ ఇంట్లోకి వెనకనుంచి ఎట్లా దూరొచ్చో, ఎవరిని ఎక్కడ పట్టుకోవచ్చో చూపించే పటం పడింది.

పైవీధి వాళ్లు, సారును కిందివీధి వాళ్లే పెట్టి గీయించారనుకున్నారు. కిందివీధి వాళ్లు, పైవీధి వాళ్లే గీయించారనుకున్నారు. మరుసటి రోజు మేం బడికి వెళ్లేసరికి రెండు వాకిళ్లలోనూ మనుషులు నిలబడి ఉన్నారు. ఒక్కడూ అరవలేదు. అరవకపోవడం చూసే నాకు భయం వేసింది. "నీళ్లు పోసి కడుగు సారూ" అన్నాడు పైవీధి మనిషి. కిందివీధి వాడు కూడా అదే మాట అన్నాడు. ఆ రెండు వీధులూ ఒక మాట మీద ఉండటం నేను అదే మొదటిసారి చూశాను. దేవపాలు సారు బిందె తెచ్చి, తనే వంగి, చేత్తో ఊరంతా కడిగేశాడు.

నేల మీదిది పోయింది కానీ, మనసులో పడింది పోతుందా? ఆ వారంలోనే రెండు వీధుల వాళ్లూ బేల్దార్లను పిలిపించి దొడ్డి వాకిళ్లన్నీ బండలతో మూయించేశారు. పొద్దస్తమానం రాళ్లు చెక్కుతున్న చప్పుడే. సందుకు రెండు పక్కలా గోడలే మిగిలాయి.

అప్పుడు వచ్చింది మంగమ్మ. పైవీధి పెద్దాయన భార్య. ఆ వీధిలో అందరూ ఆమె ముందు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. బడి వదిలే వేళ వచ్చి, గడపలోనే నిలబడి, దేవపాలు సారును తేరిపార చూసింది.

"సారూ, నా చెల్లెలు ఓబులమ్మ కిందివీధిలో ఉండాది. నీకు తెల్సునా?"

ఆయనకు తెలియదు. నాకూ తర్వాతే తెలిసింది. ఈ కక్షలు పుట్టకముందు ఒకే ఇంటి ఆడపిల్లలిద్దర్నీ ఆ ఊరికే ఇచ్చారు, ఒకర్ని పైవీధికి, ఒకర్ని కిందివీధికి. ఓబులమ్మ భర్తను చంపారు. చంపింది మంగమ్మ భర్త మనుషులే. ఇప్పుడు ఓబులమ్మ కొడుకే కిందివీధికి పెద్ద. ఆ ఇద్దరూ అక్కచెల్లెళ్లన్న మాట కూడా ఊళ్లో ఎవరూ పైకి అనరు.

"దానికి చూపు పోతాంది. మగోళ్లు అన్నం తిని కునుకు తీసేటప్పుడు దొడ్డి వాకిట్లోంచి పోయి, దాని తల దువ్వి వస్తాంటి. ఏ మగోనికీ తెల్దు. నువ్వు గీసిన గీతకు మా దావ మూసుకపాయె. అది గోడ కాడికొచ్చి ఏడుస్తాంటే, నేను ఈ పక్క నిలబడి ఇంటాండా." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "నిన్ను తిట్టడానికే వచ్చినా. నీ ముఖం చూస్తే తిట్టబుద్ధి కాల్యా."

ఆమె వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. దేవపాలు సారు ఆ రోజు నుంచి కళ్లు మూసుకోండి అనడం మానేశాడు. భూగోళం గంటలో కూడికలు చేయించేవాడు. పిల్లలు కళ్లు తెరుచుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చునేవాళ్లు. నేను ఇన్నాళ్లూ కోరుకున్నది అదే కదా, హాలు నిశ్శబ్దంగా ఉంది. నాకది భరించలేనట్టుండేది.

"ఎన్నాళ్లిట్లా? గోడ మీరు కట్టారా?" అని కసిరాను ఒకరోజు.

"కట్టించినా కదమ్మా" అన్నాడు.

భోజనాల వేళ ఆయన ఆ సందులో తిరిగేవాడు. ఇటు గోడ, అటు గోడ, నడుమ ఈయన గొడుగు. ఒక మధ్యాహ్నం గుప్పిట నిండా రాళ్లు తెచ్చి నా బల్ల మీద పోశాడు. గుండ్రంగా, నున్నగా, పావురం గుడ్ల మాదిరి ఉన్నాయి. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"ఇవి నీళ్లలో దొర్లిన రాళ్లమ్మా. ఆ సందు సందు కాదు, ఏరు. ఒకప్పుడు ఊరి నడుమ ఏరు పారింది. అందుకే దొడ్డి వాకిండ్లన్నీ దానికెదురుగా పెట్టుకున్నారు, నీళ్లు ముంచుకోడానికి. ఇది పాఠం చెప్పల్ల."

"ఎవరు చెబుతారు? మీరు చూశారా ఆ ఏరును?"

"నేను చూడలేదు. నీళ్లు మోసినోళ్లు చూసింటారు" అన్నాడు. ఆయన ఏం తలపెట్టాడో అప్పటికి గానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు. నీళ్లు మోసింది ఆడవాళ్లే కదా.

కోడిపుంజు ఎగిరి వస్తే పక్కకు తప్పుకునే మనిషి, నేరుగా పైవీధి పెద్దాయన ఇంటికి నడిచాడు. నేనూ వెళ్లాను, ఒక్కణ్ని పంపడానికి మనసొప్పక. పెద్దాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. నాకు కుర్చీ వేయించాడు. ఈయన్ని కూర్చోమనలేదు. ఎందుకనలేదో మా ముగ్గురికీ తెలుసు. నేనూ కూర్చోలేదు.

"మళ్లీ ఏం గీస్తావు సారూ?" అన్నాడు పెద్దాయన.

"గీసేది లేదు పెద్దాయనా. ఊరి నడుమ ఏరు పారిందంట. అది యాడ పుట్టె, యాడికి పాయె, పిల్లోళ్లకు చెప్పల్ల. మగోళ్లకు తెల్దు. నీళ్లు మోసిన అవ్వలకే తెల్సు. మధ్యాన్నం పూట అవ్వల్ను బడికి పంపిస్తే చాలు."

"అవ్వల్నా?" పెద్దాయన నవ్వాడు. ముసలివాళ్ల మాటలతో ఎవరికేం నష్టం అనుకున్నట్టున్నాడు. "పోతే పోనీలే" అన్నాడు. లోపల తలుపు చాటున గాజులు కదిలాయి. మజ్జిగ తెమ్మంటావా అని పెద్దాయన అడిగితే, ఈయన చేతులు జోడించి వద్దన్నాడు. అక్కడినుంచి కిందివీధికి పోయి ఓబులమ్మ కొడుకునూ అదే అడిగాడు. అతనూ సరేనన్నాడు. అక్కడా మజ్జిగ వద్దన్నాడు.

అవ్వలు వచ్చారు. పైవీధి అవ్వలు పై వాకిట్లోంచి, కిందివీధి అవ్వలు కింది వాకిట్లోంచి. ఓబులమ్మను ఇద్దరు పిల్లలు చేతులు పట్టుకుని తీసుకొచ్చారు. మంగమ్మ ఎదుటి గోడ పక్కన కూర్చుంది. ఇద్దరి మధ్యా హాలంత దూరం. దేవపాలు సారు చాలా రోజుల తర్వాత ఆ మాట అన్నాడు. "కండ్లు మూసుకోండి. అవ్వలు ఏటికి తీసకపోతారు."

ఓబులమ్మ మొదలుపెట్టింది. ఆమెకు మూసుకోవడానికి పెద్దగా చూపు లేదు కూడా. "వానకాలంలో ఎర్రనీళ్లొచ్చేటివి. బిందె ముంచితే సగం మన్నే."

"తేరుకున్నాంక తెల్లగ ఉండేటివి" అంది మంగమ్మ ఇవతలి గోడ నుంచి.

"ఒకతూరి బిందె జారిపాయె. అది తేలుకుంటా పోతాంటే..."

"నేను చీర ఎగజెక్కోని దాని ఎనకాలే ఉరికితి. మెడ దాకా మునిగితి."

"అక్కా అక్కా అని నేను గట్టు మీద ఏడ్చుకుంటా..." ఓబులమ్మ ఆగిపోయింది. పిల్లలు కళ్లు మూసుకుని నవ్వుతున్నారు. ఎర్రనీళ్లలో బిందె పోతోంది వాళ్లకు. హాల్లో నీటి వాసన వచ్చిందంటే మీరు నమ్మరు. నేనూ నమ్మేదాన్ని కాదు, కానీ తెలియకుండానే కళ్లు మూసుకున్నాను. నేను కళ్లు తెరిచేసరికి మంగమ్మ ఇవతలి గోడ పక్కన లేదు. అవతలి గోడ దగ్గర చెల్లెలి వెనక కూర్చుని, జడ విప్పుతోంది.

ఆ పాఠం తర్వాతి రోజూ జరిగింది. ఆ తర్వాతి రోజూ జరిగింది. గంగానదికి పుస్తకంలో ఒక పేజీ ఇస్తే, ఊళ్లో ఎండిపోయిన ఏటికి ఈయన నెలలు పట్టించాడు. ఏట్లో చేపలు ఒక రోజు, ఏట్లో ఉతికిన బట్టలు ఒక రోజు, ఏట్లో పోయిన ముక్కుపుల్ల ఒక రోజు. మిగతా అవ్వలు కూడా మెల్లమెల్లగా గోడలు వదిలి నడుమకు జరిగారు. నేను గుణింతాలు ఎప్పుడు చెప్పుకున్నానో నాకే గుర్తు లేదు.

ఎవరో చేరవేశారు. చేరవేయకుండా ఉంటారా? నీ భార్య కిందివీధి మనిషి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంటోందని పెద్దాయన చెవిన వేశారు. ఒక మధ్యాహ్నం పై వాకిట్లో వెలుతురుకు ఎవరో అడ్డం పడ్డారు. చూస్తే పెద్దాయన. వెనక ఆయన మనుషులు. ఎండలో నిలబడి, లోపలికి తొంగి చూస్తున్నారు.

మంగమ్మ చేతిలో దువ్వెన ఆగిపోయింది. పిల్లలు కళ్లు తెరిచేశారు. దేవపాలు సారు లేచి నిలబడ్డాడు. ఈ మనిషి ఇక మిగలడు అనుకున్నాను. అంతకంటే ముందు, ఆ ఇద్దరికీ ఇక ఈ చోటు కూడా పోయింది అనుకున్నాను.

"ఏం జరుగుతాండాది సారూ ఈడ?"

"పాఠం, పెద్దాయనా. ఏటి పాఠం" అన్నాడు.

"ఇంగా అయిపోల్యా?"

అప్పుడు ఓబులమ్మ ఆ గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది. భర్త పోయాక ఆమె ఆ గొంతు వినలేదట. విరబోసిన జుట్టుతో, చూపు ఆనని కళ్లతో, వాకిలి కేసి చూసింది.

"బాగుండావా బావా?" అంది.

పెద్దాయన ద్వారబంధానికి చెయ్యి ఆనించాడు. తర్వాత వెనక్కి తిరిగి, "పాండిరా. పిల్లోళ్లకు పాఠం జరుగుతాంటే అడ్డమెందుకు" అని మనుషుల్ని కసిరాడు. వాళ్లు పక్కకు తప్పుకున్నారు. ఆయన రెండడుగులు వేసి మళ్లీ ఆగాడు, ఇటు తిరగకుండానే.

"అయిపోగొట్టద్దు సారూ" అన్నాడు.